నెలలు నిండిన ముచ్చట: మంత్రపురి, మంత్రసాని, మన విమర్శ

తెలుగు సాహిత్యంల తల్లికి కరువు లేదు. నేలను తల్లి అన్నరు, భాషను తల్లి అన్నరు, అమరుని తల్లి మీద ఎన్నో పాటలు కట్టిండ్రు. కరువు ఉన్నదల్లా నెలలు నిండిన మనిషికే. ఎనిమిదో నెల దాటి, కాళ్ళు వాచి, రాత్రి ఏ పక్కకు ఒరిగినా నిద్ర రాక, తెల్లారి నాటుకు పోవాల్నా మానాల్నా అని లెక్కలేసుకునే మనిషి మన కథల్లోకి, కవిత్వంలోకి వచ్చేది చాల తక్కువ. వచ్చినా ఒక్కతే వస్తది. ఆమె పక్కన ఇంకో ఆడమనిషి ఉండదు. ఉన్నా ఇద్దరూ మాట్లాడుకోరు.

మా వాడల్ల నెలలు నిండిన మనిషి ఒక్కతే ఉండదు. ఒక వాడల ఒకే కాలంల ముగ్గురో నలుగురో కడుపుతోని ఉంటరు. పొలం గట్టు మీద, బీడీల చాటల ముందట, బోరింగు కాడ, అంగన్‌వాడి అరుగు మీద వాళ్ళ ముచ్చట నడుస్తనే ఉంటది. భయం చెప్పుకుంటరు, ధైర్యం చెప్పుకుంటరు, పని పంచుకుంటరు. ఈ వ్యాసం ఆ ముచ్చట గురించి. దాన్ని ఇన్నేండ్లు ఎవరు విన్నరు, ఎవరు వినలేదు, వినకపోవడం వల్ల సాహిత్యానికీ వైద్యానికీ ఏం నష్టం జరిగింది అనేది మా ప్రశ్న.

ఈ ప్రశ్నను మంథని నుంచి అడుగుతున్నం. గోదావరి ఒడ్డున ఉన్న మంథని పాత కరీంనగర్ జిల్లాది. 2016 అక్టోబర్ నుంచి పెద్దపల్లి జిల్లాది. నది దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. వేదం చదివిన బ్రాహ్మణుల ఊరుగ దీనికి పేరు. మంత్రపురి, మంత్రకూటం అనే పేర్ల నుంచే మంథని అయ్యిందని చెప్పుకుంటరు. పి.వి. నరసింహారావు 1957 నుంచి 1977 దాక ఇక్కడి శాసనసభ్యుడు. ఊరి చరిత్ర అడిగితే గుళ్ళు చెప్తరు, పండితుల పేర్లు చెప్తరు, నాయకుల పేర్లు చెప్తరు. అదే ఊరి చుట్టుపక్కల వాడల్ల మంత్రసాని అనే ఇంకో మాట ఉన్నది. రెండు మాటలల్లనూ మంత్రం వినబడుతది. ఒక మంత్రం ఊరి పేరయి గౌరవం తెచ్చింది. ఇంకో మంత్రానికి పురిటి నెత్తురు అంటుకుని ఉన్నది. అది ఊరి చరిత్రల లేదు.

మంత్రం అడిగిన ప్రశ్న

బ్రాహ్మణ సంప్రదాయంల కడుపుతోని ఉన్న స్త్రీ చుట్టు పెద్ద గ్రంథమే ఉన్నది. పదహారు సంస్కారాలల్ల పుంసవనం, సీమంతోన్నయనం రెండూ ఆమె మీద జరిగేవే. పుంసవనం అనే పేరే చెప్తది, అడిగేది మగబిడ్డనని. సీమంతంల భర్త ఏదుపంది ముల్లుతోటి ఆమె పాపిట తీస్తడు, మేడికాయల గుత్తి కడతడు. గోభిల గృహ్యసూత్రంల ఒక తంతు ఉన్నది. నెయ్యి పోసిన వంటకాన్ని ఆమెకు చూపించి ఏం కనబడుతున్నదని అడుగుతరు. సంతానం కనబడుతున్నదని ఆమె చెప్పాలె. ఆ తంతుల ఆమె నోరు తెరిచే తావు అది. ఆ జవాబు గూడ ముందే రాసిపెట్టి ఉన్నది. రాత్రి నిద్ర పడుతున్నదా, పోయినసారి కాన్పుల ఏమయింది, ఇప్పుడు దేనికి భయపడుతున్నవు అని అడిగే తావు అందుల లేదు.

దీనికంటె లోతుగ చూడవలసింది ఆ ఇండ్ల ఆడవాళ్ళ పాటలను. కౌసల్య వేవిళ్ళ వంటి పాటల గురించి వెల్చేరు నారాయణరావు 1991ల ఇంగ్లీషుల ఒక వ్యాసం రాసిండు. మగకవులు ఒక్క మాటతోటి దాటిపోయిన కాన్పు నొప్పిని ఆడవాళ్ళు ఆ పాటలల్ల ఆగి, వివరంగ పాడుకున్నరు. ఇది చిన్న విషయం కాదు. కావ్యం మింగేసిన నొప్పిని పాట దాచిపెట్టింది. పై కులం ఆడది గూడ తన ఇంట్ల తాను నోరు లేనిదేనని ఆ పాటలు సాక్ష్యం చెప్తయి.

అయినా మా ప్రశ్న మాకున్నది. అయోధ్యల ముగ్గురు రాణులు ఒక్కసారి కడుపుతోని ఉన్నరు. తెలుగు లోకానికి బాగ తెలిసిన నెలలు నిండిన ఆడవాళ్ళ గుంపు అదే. వాళ్ళ బిడ్డల బొడ్డు కోసిన చేతులు ఎవరివి? మైలబట్టలు ఉతికింది ఎవరు? మాయను పాతిపెట్టింది ఎవరు? ఆ పని చేసిన మనిషి గూడ ఆ నెలలనే కడుపుతోని ఉంటే, ఆమె వేవిళ్ళు ఏ పాటల వెతుక్కోవాలె?

లేబర్ రూం దాక వచ్చిన కవిత్వం

1980ల చివర, 1990ల మొదట్ల వచ్చిన స్త్రీవాద కవిత్వం ఈ మౌనాన్ని బద్దలు కొట్టింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' కవితతోటి పురిటి నొప్పి తెలుగు కవిత్వంల వస్తువయ్యింది. పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' రాసింది. 1993ల 'నీలిమేఘాలు' సంకలనం వచ్చింది. శరీరం గురించి రాస్తే బూతు అన్న పెద్దమనుషులు అప్పుడు తక్కువ మంది లేరు. ఆ కొట్లాటల మేము స్త్రీవాదుల దిక్కే నిలబడుతం. నొప్పిని నొప్పి అని రాసే హక్కును వాళ్ళు అందరి కోసం గెలిచిండ్రు.

కాని ఆ ధోరణికి ఒక హద్దు ఉన్నది. అది లేబర్ రూం తలుపు దగ్గర మొదలైతది. స్త్రీ బల్ల మీద పండుకున్నంకనే కవిత పుడుతది. నొప్పి పడే మనిషి ఉన్నది, ఆ నొప్పికి కారణమైన మగవాడున్నడు, డాక్టరున్నది. బక్కెట్ల నెత్తురు బట్టలు మోసుకపోయే ఆయమ్మ మాత్రం ఆ వెలుగుల సరిగ కనబడదు. తొమ్మిదో నెల దాక కూలి చేసి వచ్చిన మనిషికీ, తొమ్మిది నెలలు తల్లిగారింట్ల కూసున్న మనిషికీ అదే బల్ల మీద ఎదురయ్యే మర్యాద ఒక్కటి కాదు. స్త్రీ అనే ఒక్క మాటల ఆ తేడ కరిగిపోయింది. గోపాల్ గురు 1995ల రాసిన ప్రసిద్ధ వ్యాసం దళిత స్త్రీల మాట వేరుగ ఉంటదని చెప్పింది గీ తేడ గురించే.

ఇంకో పుస్తకం గురించి గూడ చెప్పాలె. 1991ల హైదరాబాదు నుంచి స్త్రీల ఆరోగ్యం మీద 'సవాలక్ష సందేహాలు' వచ్చింది. ఆడవాళ్ళు అడగడానికి సిగ్గుపడే ప్రశ్నలను సిగ్గు లేకుంట తెలుగుల చర్చించిన పుస్తకం అది. ఇటువంటి పుస్తకాలకు దారి చూపింది అమెరికాల బోస్టన్ నగరం ఆడవాళ్ళు. 1969ల కొంతమంది ఒక దగ్గర కూసొని తమ శరీరాల గురించి, తమ కాన్పుల గురించి, డాక్టర్లు తమతోటి మాట్లాడే తీరు గురించి ముచ్చట పెట్టుకున్నరు. ఆ ముచ్చట చిన్న పుస్తకమై, పెద్ద పుస్తకమై, ప్రపంచం మొత్తం తిరిగింది. ఈ చరిత్ర చదివినప్పుడల్లా మాకు ఒకటే అనిపిస్తది. బోస్టన్ ఆడవాళ్ళ ముచ్చట జ్ఞానమయ్యింది. మంథని వాడల ముచ్చట సోది ఎందుకయ్యింది?

చరిత్ర పుస్తకాలల్ల ఒక మినహాయింపు ఉన్నది. తెలంగాణ సాయుధ పోరాటంల పాల్గొన్న స్త్రీల మాటలతోటి స్త్రీ శక్తి సంఘటన 1986ల 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. అడవిల కాన్పయి, పసిబిడ్డ ఏడిస్తే దళం దొరికిపోతదని ఆ బిడ్డను వదులుకోవలసి వచ్చిన తల్లి దుఃఖం అందుల ఉన్నది. పార్టీ చరిత్రలు లెక్కల్లోకి తీసుకోని దుఃఖం అది. ఆ పుస్తకం విలువ ఎక్కడున్నదంటే, మాట్లాడే మనిషి మాటను మధ్యల ఆపకుంట వినడంల ఉన్నది. మాకు కావలసిన విమర్శ పద్ధతి అదే.

మన కవిత్వంల తల్లి

వేరేవాళ్ళను అడిగిన ప్రశ్న మన ఇంట్ల గూడ అడగాలె. 1985ల కారంచేడు, 1991ల చుండూరు తర్వాత దళిత కవిత్వం ఉప్పెన లెక్క వచ్చింది. 1995ల 'చిక్కనవుతున్న పాట' వచ్చింది. ఆ కవిత్వంల తల్లి లేని పేజి తక్కువ. చెప్పులు కుట్టే తండ్రి పక్కన కోతలు కోసే తల్లి, పేడ ఎత్తే తల్లి, కొడుకును చదివించే తల్లి. ఈ తల్లిని చూసి మేము ఏడ్చినం, గర్వపడ్డం. మా తరం యూనివర్సిటీ మెట్లెక్కింది ఆమె కూలి పైసలతోటే.

అయినా విమర్శ చేసేటప్పుడు కన్నీళ్ళు తుడుచుకోవాలె. ఆ కవితలల్ల తల్లి ఎప్పుడూ కని ఉన్న తల్లే. కవి పుట్టినంకనే ఆమె మొదలైతది. అంతకు ముందు ఆమె భయపడిందా? వద్దనుకున్నదా? నలుగురు పిల్లలైనంక ఐదోసారి నెల తప్పితే ఎవరికి చెప్పుకున్నది? చనిపోయిన బిడ్డను కన్నప్పుడు ఎవరు పక్కన కూసున్నరు? మనం ఆమెను కష్టానికి గుర్తుగ నిలబెట్టినం. గుర్తుకు నోరు ఉండదు.

దళిత స్త్రీలే కలం పట్టినంక ఈ లోటు తీరడం మొదలయ్యింది. గోగు శ్యామల సంపాదకత్వంల వచ్చిన 'నల్లపొద్దు', ఆమె జూపాక సుభద్రతోటి కలిసి 2006ల తెచ్చిన 'నల్లరేగటిసాల్లు' ఆ దారిల పెద్ద అడుగులు. మాదిగ ఆడవాళ్ళ మాట, యాస, పని, ఎకసెక్కం, కోపం కథలయినయి. ఈ రచయిత్రుల దగ్గర మేము నేర్చుకున్నది ఒకటున్నది. వాడ ఆడవాళ్ళు ఒంటరిగ బతకరు, గుంపుల బతుకుతరు. కాబట్టి వాళ్ళ సాహిత్యం గూడ "నేను" దగ్గర ఆగదు. నెలలు నిండిన ముచ్చటను చదవడానికి ఇదే తాళంచెవి.

ముచ్చటను చదువుడు

ముందు మాటలను చూడాలె. పత్రికలు 'నిండు గర్భిణి' అని రాస్తయి. ఆమెకేదన్న ప్రమాదం జరిగిన రోజే ఆ మాట అచ్చయితది. మా వాడల్ల "ఆమె ఉత్త మనిషి గాదు" అంటరు. నీళ్ళు పోసుకున్నది అంటరు, కాన్పయితే నీళ్ళాడింది అంటరు. ఉత్త మనిషి గాదు అన్న మాటల ఒక ఆజ్ఞ ఉన్నది. ఆమె ముందట బరువు మోయొద్దు, ఆమెను ఎండల నిలబెట్టొద్దు, ఆమె చూస్తుండగ తినొద్దు, ఇంత పెట్టి తినాలె. వ్యాకరణం ఎరగని మనుషులు ఒక్క మాటల ఇంత నీతిని కుదించి పెట్టిండ్రు.

ఇక ముచ్చట. నాటు కాడ ఒకామె అంటది: "వదినె, నిన్నటి సంది కాళ్ళల్ల నీరు దిగిందే." ఇంకామె అంటది: "కాళ్ళకైతే అందరికి వస్తది తియ్యి. మొఖం ఉబ్బిందా? తల పోటు పెడుతున్నదా? కండ్లకు మసకలొస్తున్నయా? వస్తే మాత్రం ఆగకు, ఎవ్వల్ని అడగకు, దవాఖానకు నడువు." ఈ నాలుగు ముక్కలల్ల ఏమున్నదో చూడండి. మామూలు వాపుకూ ప్రమాదం వాపుకూ తేడ ఉన్నది. బీపీ పెరిగి ఫిట్స్ దాక పోయే జబ్బుకు వైద్యశాస్త్రం చెప్పే హెచ్చరికలు ఇవే. మన ఊర్లల్ల దాన్ని గుర్రపువాతం అన్నరు. ఎవరి ఇంట్లనో ఒక మనిషి ఆ జబ్బుతోటి పోయి ఉంటది. ఆ చావు ఈ హెచ్చరికగ మారింది. "ఎవ్వల్ని అడగకు" అన్న మాటల ఇంకో అనుభవం ఉన్నది. మొగన్ని, అత్తను అడిగి, పైసలు చూసుకుని, బండి మాట్లాడుకునేసరికి ఆలస్యమై పోయిన పాణాల అనుభవం అది.

రెండో సంగతి పని. నాటుల, కలుపుల ఒక్కొక్కరు ఒక మునుం పడతరు. ఏడో నెల దాటిన మనిషికి అటు ఇటు ఉన్నోళ్ళు తమ మునుం వెడల్పు చేసి ఆమెది సన్నం చేస్తరు. చూసేటోనికి అందరూ ఒక వరుసల పోతున్నట్టే ఉంటది. ఆసామికి తెలియకుంట ఆడవాళ్ళు తమల తాము ఇచ్చుకునే ప్రసూతి సెలవు అది. గుత్తకు పట్టిన నాటుల పైసలు పంచుకునేటప్పుడు ఆమెకు నిండు వాట ఇయ్యాల్నా వద్దా అని కొట్లాట గూడ అయితది. "నీ దినాలొచ్చినప్పుడు నేను పట్టలేదా నీ మునుం?" అని ఒకామె గుర్తు చేస్తది. మేము దీన్ని దయ అని రాయం. ఇది అప్పు, బదులు, లెక్క. చేబదులు పైసల లెక్కనే ఒళ్ళు కష్టాన్ని గూడ బదులిచ్చుకునే పద్ధతి. అందుకే అది ఇన్ని తరాలు నిలబడ్డది.

బీడీలు చేసే ఇండ్లల్ల ముచ్చట వేరే తీరు. రోజుకు వెయ్యి బీడీల లెక్క తప్పితే కారటు పోతదని, తప్పకపోతే నడుము పోతదని. తంబాకు ఘాటు కడుపుల బిడ్డకు తగులుతదా అని ఒకామె అడుగుతది. జవాబు ఎవరి దగ్గర ఉండదు. ఆ ప్రశ్న చాట మీద అట్లనే ఉంటది, చేతులు ఆకు కత్తిరిస్తనే ఉంటయి.

మూడో సంగతి భయం. మళ్ళ ఆడపిల్లయితే ఎట్ల? పెద్దపిల్లను ఎవరికి ఒప్పజెప్పి పోవాలె? నర్సు తిడితే ఏం చెయ్యాలె? కాన్పు బల్ల మీద తిట్లు తినని మనిషి మా వాడల్ల అరుదు. "కనేటప్పుడు లేదా ఈ నొప్పి" అనే తీరు మాటలు ఒకరు చెప్తే ఇంకొకరు తమకు పడ్డ మాట చెప్తరు. అందరూ నవ్వుతరు. ఆ నవ్వు తేలిక నవ్వు కాదు. రేపు తన వంతు వచ్చినప్పుడు ఆ తిట్టు తనొక్కదానికే పడ్డదని అనుకోకుంట ఉండడానికి ముందుగల్ల వేసుకునే టీక అది.

ఇవన్నీ కలిపి చూస్తే ముచ్చట అంటే ఏందో అర్థమైతది. అందుల ఆరోగ్య పాఠం, కూలి ఒప్పందం, అవమానానికి మందు మూడూ ఉన్నయి. రాతల లేదు కాబట్టి ఇది జ్ఞానం కాదన్నరు. రాయడం ఎవరికి రానియ్యలేదో మాత్రం చెప్పలేదు.

మంత్రసాని ఎటు పాయె

ఈ ముచ్చటకు నడుమ ఒక మనిషి ఉండేది. కొన్ని ఊర్లల్ల మంగలామె, కొన్ని ఊర్లల్ల చాకలామె, కొన్ని ఊర్లల్ల మాదిగామె. చేతికి నూనె రాసుకుని కడుపు పట్టి చూసి బిడ్డ తల ఎటున్నదో చెప్పేది. పండుకోబెట్టకుంట, గొంతుకూసోబెట్టి, వెనుక నుంచి ఒకరు పట్టుకుంటే కాన్పు చేసేది. ఏ ఇంట్లకూ రానియ్యని మనిషిని ఆ ఒక్క గడియ లోపటి అర్రలకు పిలిచేటోళ్ళు. బిడ్డ బయట పడ్డంక మళ్ళ ఆమె అంటరానిదే. ఆమె ముట్టుకున్న తావు కడుక్కునేటోళ్ళు. దొరల ఇండ్లల్ల ఇది వెట్టి. మిగతా ఇండ్లల్ల సోలెడు బియ్యం, పాత చీర. కులం పుట్టుకతోటి వస్తదంటరు. ఆ పుట్టుకను చేతుల్లోకి తీసుకున్న మనిషికే కింది కులం కట్టబెట్టిండ్రు.

మంత్రసానిని మేము దేవతను చెయ్యం. కొడవలితోటి బొడ్డు కోసినప్పుడు పసిపిల్లలు ధనుర్వాతంతోటి చచ్చిపోయిండ్రు. అడ్డం తిరిగిన బిడ్డకు, ఆగని నెత్తురుకు ఆమె దగ్గర మందు లేదు. టీకాలు, శుభ్రమైన కాన్పులు పెరిగినంకనే 2015ల మన దేశం తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని అదుపు చేసిన దేశంగ గుర్తింపు పొందింది. దవాఖాన మా హక్కు. ఎడ్లబండి మీద నెత్తురు కారి చచ్చిపోయిన ఆడవాళ్ళ పిల్లలం మేము, దవాఖాన వద్దని ఎట్ల అంటం?

మా అభ్యంతరం వేరే. మంత్రసానికి నేర్పి, పనిముట్టు ఇచ్చి, జీతమిచ్చి దవాఖానలకు తెచ్చుకునే దారి ఉండె. ఆ దారి మూసిండ్రు. 2004ల ప్రపంచ ఆరోగ్య సంస్థ, మిడ్‌వైఫుల, కాన్పు డాక్టర్ల అంతర్జాతీయ సంఘాలు కలిసి నైపుణ్యం ఉన్న కాన్పు సహాయకులు ఎవరో నిర్వచించినప్పుడు, శిక్షణ పొందిన మంత్రసానులకు గూడ అందుల చోటియ్యలేదు. 2018ల అదే సంస్థ కాన్పు సమయంల తల్లికి నచ్చిన తోడుమనిషి ఉండాలని, లేచి తిరగడం, నిటారుగ ఉండే భంగిమలు మంచివని చెప్పింది. వాడల ఆడవాళ్ళకు ఇవి కొత్త మాటలు కావు. తెలంగాణ ప్రభుత్వం 2017ల ఫెర్నాండెజ్ హాస్పిటల్, యునిసెఫ్ తోడుతోటి 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. మంచి పని. ఆ నర్సుల చేతుల్లో ఎందరో తల్లులకు కోత తప్పింది. మేము అడిగేది ఒకటే. మంత్రసాని అంటే మైల, మిడ్‌వైఫ్ అంటే నైపుణ్యం. ఈ రెండు మాటల నడుమ ఉన్నది చదువొక్కటేనా, కులం గూడనా?

మంత్రసాని పోయి దవాఖాన వచ్చినంక ఏమయ్యింది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణల 97 శాతం కాన్పులు దవాఖానలల్లనే అయినయి. దేశంల ఇది గొప్ప లెక్క. అదే సర్వేల ఇంకో లెక్క ఉన్నది. రాష్ట్రంల 60.7 శాతం కాన్పులు కడుపు కోసి చేసినవే. దేశం సగటు 21.5 శాతం. తెలంగాణ ప్రైవేటు దవాఖానలల్ల 81.5 శాతం, సర్కారు దవాఖానలల్ల 44.5 శాతం. కడుపుతోని ఉన్నోళ్ళల్ల సగానికంటె ఎక్కువమందికి, 53.2 శాతానికి రక్తం తక్కువ. కోత అవసరమైనప్పుడు పాణం కాపాడుతది. పదిమందిల ఆరుగురికి అవసరమయ్యిందంటే అది వైద్యం లెక్క కాదు, వ్యాపారం లెక్క, తీరిక లేని దవాఖాన లెక్క. దీనికి పంచాంగం గూడ తోడయ్యింది. ముహూర్తం పెట్టించుకుని కడుపు కోయించుకోవద్దని రాష్ట్ర ఆరోగ్యశాఖే చెప్పవలసి వచ్చింది. పుంసవనం నాడు కొడుకును అడిగిన మంత్రం ఇప్పుడు కత్తికి గడియ చెప్తున్నది.

ఇంట్ల కూసొని మూడు నెలలు పథ్యం చేసే మనిషికి కోత ఒక తీరు. బాలింతగ నెల దాటకముందే పత్తి ఏరడానికి వంగే మనిషికి ఆ కుట్లు ఇంకో తీరు. ఇప్పటి నెలలు నిండిన ముచ్చటల పెద్ద భయం నొప్పుల గురించి కాదు, కోత గురించి. "పోయినసారి కోసిండ్రు, ఈసారి గూడ కోస్తరు, ఇగ నేను బరువు పని చేసుడు ఎట్ల?" అనే మాట ప్రతి వాడల వినబడుతది. ఆ మాటకు జవాబు చెప్పే మంత్రసాని లేదు. డాక్టరుకు చెప్పే తీరిక లేదు.

బువ్వ కాడ వరుస

తావులన్నీ పోతున్న కాలంల ముచ్చటకు ఒక కొత్త తావు దొరికింది. 2015 జనవరి 1న తెలంగాణల ఆరోగ్యలక్ష్మి మొదలయ్యింది. కడుపుతోని ఉన్నోళ్ళకు, బాలింతలకు అంగన్‌వాడిలనే ఒక పూట నిండు భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు, రక్తం గోలి. సర్కారు దీన్ని పౌష్టికాహార పథకం అన్నది. మేము దీన్ని ఇంకో తీరుగ చదువుతం. అన్ని కులాల నెలలు నిండిన ఆడవాళ్ళు ఒక వరుసల కూసొని తినాలని ఒక సర్కారు కాగితం చెప్పడం మన ఊర్ల చరిత్రల చిన్న విషయం కాదు.

చాల ఊర్లల్ల ఏమయ్యింది? వాడల ఆడవాళ్ళు వచ్చి కూసున్నరు. ఊర్లె నుంచి టిఫిన్ డబ్బ వచ్చింది, మనిషి రాలేదు. వండే ఆయమ్మ కులం ముందుగల్ల అడిగి, ఆ తర్వాత ఆకలి సంగతి ఆలోచించిండ్రు. పథకం నడుస్తున్నదని రిజిస్టర్ల ఉంటది. వరుస తెగిపోయిందని ఏ రిజిస్టరూ రాయదు. అయినా వచ్చినోళ్ళకు ఆ గంట ఎంత విలువైందో ఆడనే చూడాలె. ఇంట్ల తన కంచంల గుడ్డు పడితే అది పిల్లల కంచంలకు పోతది. అంగన్‌వాడిల ఆమె గుడ్డు ఆమెనే తింటది. తింటూ మాట్లాడుతది. మొదటి కాన్పు పిల్ల మూడో కాన్పు మనిషిని అడుగుతది. మునుం పట్టిన వరుస, బువ్వ తిన్న వరుస ఒక్కటే అయ్యే తావు అది.

ఇటువంటి తావు కోసం మనవాళ్ళు ముందే ఆలోచించిండ్రు. 1863ల జోతిరావు, సావిత్రిబాయి ఫూలేలు పుణేల బాలహత్యా ప్రతిబంధక గృహం పెట్టిండ్రు. కడుపు వచ్చి, దిక్కులేక, బిడ్డను చంపుకునేటోళ్ళో తామే చచ్చేటోళ్ళో అయిన బ్రాహ్మణ వితంతువులను వచ్చి భద్రంగ కనిపొమ్మని పిలిచిండ్రు. ఆ ఇంట్ల పుట్టిన బ్రాహ్మణ వితంతువు కొడుకు యశ్వంత్‌ను దత్తత తీసుకున్నరు. శూద్ర స్త్రీ తన ఇంటి తలుపు తెరిచి బ్రాహ్మణ స్త్రీ నొప్పికి తోడు కూసున్నది. నూట యాభై ఏండ్ల తర్వాత అంగన్‌వాడి చాప మీద కూసోవడానికి ఊరు ఇంకా వెనుకాడుతున్నది.

కూలి లెక్క

మునుం సన్నం చేసుకునే ఆడవాళ్ళ బదులు పద్ధతి గొప్పదే. కాని బీదోళ్ళే బీదోళ్ళకు సెలవు ఇచ్చుకోవాలంటే సర్కారు ఎందుకు, చట్టం ఎందుకు? ఈ ప్రశ్నను అంబేద్కర్ 1928ల బొంబాయి శాసనమండలిల అడిగిండు. ఫ్యాక్టరీ ఆడవాళ్ళ ప్రసూతి బిల్లును సమర్థిస్తూ, కాన్పుకు ముందు తర్వాత తల్లికి విశ్రాంతి దేశానికి అవసరమని, ఆ ఖర్చుల సర్కారుకు బాధ్యత ఉన్నదని, పని చేయించుకునే యజమాని గూడ భరించాలని వాదించిండు. 1929ల బొంబాయిల చట్టం వచ్చింది. తర్వాత వైస్రాయి కౌన్సిల్ల కార్మిక సభ్యునిగ ఉన్నప్పుడు 1943లనూ 1945లనూ గనుల ప్రసూతి చట్టానికి సవరణలు తెచ్చిండు. మంథని అప్పుడు నిజాం రాజ్యంల ఉన్నది. బ్రిటిష్ ఇండియా చట్టాలు గోదావరి ఒడ్డు దాక రాలే.

తర్వాతనన్న వచ్చినయా? 1961 ప్రసూతి చట్టం, 1966 బీడీ కార్మికుల చట్టం కాగితం మీద బీడీ చేసే ఆడదాన్ని గుర్తించినయి. 2017ల ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలు చేసిండ్రు. అది ఉద్యోగం ఉన్నోళ్ళకు. నాటు వేసే మనిషికి యజమాని ఎవరు? పొద్దుకొక ఆసామి. 2013 ఆహార భద్రత చట్టం ప్రతి గర్భిణికి 6,000 రూపాయలకు తక్కువ కాకుంట ఇయ్యాలన్నది. 2017ల వచ్చిన కేంద్ర పథకం దాన్ని మొదటి కాన్పుకు 5,000 చేసింది. అదే ఏడు జూన్‌ల తెలంగాణ సర్కారు దవాఖాన కాన్పుకు మగబిడ్డయితే 12,000, ఆడబిడ్డయితే 13,000, ఒక కిట్టు ప్రకటించింది. మా ఆడవాళ్ళు ఆ పైసలను కాదనలేదు, వాటి కోసం బ్యాంకుల చుట్టు తిరిగిండ్రు. కాని అవన్నీ కానుక పేరుతోటి వచ్చినయి. కానుకను ఇచ్చినోడు ఆపితే అడిగే హక్కు ఉండదు. అంబేద్కర్ అడిగింది కానుక కాదు, పోయిన కూలి.

విమర్శ చేయవలసిన పని

ఇది సాహిత్య విమర్శనా, ఆరోగ్య విమర్శనా అని అడిగేటోళ్ళుంటరు. ఎవరి మాట పాఠం అయితది, ఎవరి మాట సోది అయితది అని తేల్చేదే విమర్శ అయితే రెండూ ఒక్కటే. నెలలు నిండిన మనిషి మాటను కవి వినలేదు, డాక్టరు వినలేదు, సర్కారు వినలేదు. ముగ్గురికీ ఆమె శరీరం కనబడ్డది, మాట వినబడలేదు.

కాబట్టి చదువుకున్న మన పిల్లలకు, పంతుళ్ళకు, కార్యకర్తలకు మేము మూడు పనులు చెప్తున్నం. ఒకటి, ఇంకా బతికి ఉన్న మంత్రసానుల మాటను వాళ్ళ యాసలనే రాసిపెట్టాలె. వాళ్ళకు తెలిసింది, తెలియంది, వాళ్ళు చేసిన తప్పులు గూడ రాయాలె. ఆ తరం పోతున్నది. రెండు, కాన్పు బల్ల దగ్గర తోడుమనిషి కోసం కొట్లాడాలె. కాన్పు అనుభవం ఉన్న ఆడమనిషిని సర్కారు దవాఖానలల్ల తల్లి పక్కన ఉండనియ్యాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లనే చెప్పింది. వాడల అక్కనో పెద్దవ్వనో ఆ తలుపు లోపటికి పోతే ముచ్చట గూడ లోపటికి పోతది. అప్పుడు తిట్టే నోరు ఒక్క క్షణమన్న ఆలోచిస్తది. మూడు, అంగన్‌వాడి వరుసను కాపాడాలె. డబ్బ కాదు, మనిషి రావాలె.

యూనివర్సిటీల సాహిత్యం చదివే పిల్లలకు ఒక మాట. థీసిస్ కోసం పుస్తకాల అలమారలు వెతికేటప్పుడు, సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు, మీ వాడల ఎనిమిదో నెల మనిషి పక్కన కొద్దిసేపు కూసోండి. ఆమె వదినెతోటి ఏం అంటున్నదో వినండి. పెన్ను తర్వాత తీయండి. ముందు ఆమె మునుం కొంచెం పట్టండి.